గ్లాసుకు పట్టిన చెమట

అందరికీ నమస్కారం. ప్రైమరీ చివర మన పిల్లలు రాసే పీఎస్‌ఎల్‌ఈ పరీక్షలో సైన్సు పేపర్ గురించి మాట్లాడుకుందామని, ఆదివారం పొద్దున్నే ఇడ్లీలు కూడా తీరుబడిగా తిననివ్వకుండా మిమ్మల్ని బిల్డింగు కింద ఖాళీగా వదిలిన ఈ వాయిడ్ డెక్‌లోకి దింపాం, ఏమీ అనుకోకండి.

ముందు ఒక చిన్న పని. ఈ బల్ల మీద ఒక స్టీలు పళ్లెం, కూరగాయలు తరిగే ఒక చెక్క పలక ఉన్నాయి. రాత్రి నుంచీ రెండూ ఒకే గదిలో పక్కపక్కనే ఉన్నాయి. ముట్టుకుని చూడండి. పళ్లెమే చల్లగా ఉందంటున్నారు కదా? ఇప్పుడు ఒక్కోదాని మీద ఒక్కో ఐసు ముక్క పెడుతున్నాను. రెండూ ఒకే ట్రేలోవి. ఏది ముందు కరుగుతుంది? చెక్క మీదిది అనేవాళ్లు చేతులెత్తండి. అబ్బో, చాలామందే ఉన్నారు. సరే, అలా ఉండనిద్దాం.

నేను టీచర్ని కాను. మా అమ్మాయి పోయినేడు పీఎస్‌ఎల్‌ఈ రాసింది, ఆ ఏడాదంతా దానితో పాటు నేనూ రాశాను, అంతే. 1960 నుంచీ సింగపూర్‌లో ప్రైమరీ ఆరు పూర్తయ్యే పిల్లలు ఈ పరీక్ష రాస్తున్నారు. 2021లో, మిగతా పిల్లలతో పోల్చి లెక్కగట్టే పాత టీ-స్కోరు పోయి, మార్కులను బట్టి ఇచ్చే అచీవ్‌మెంట్ లెవెల్స్, అంటే ఏఎల్‌లు వచ్చాయి. 90 వస్తే ఏఎల్ 1, 89 వస్తే ఏఎల్ 2. నాలుగు సబ్జెక్టుల ఏఎల్‌లు కలిపి చూస్తారు, 4 వస్తే అంతకన్నా మంచిది లేదు. అందుకే సైన్సులో పోయిన ఒక్క మార్కు గురించి మనం లిఫ్టులో కూడా వాదించుకుంటాం. టెన్షన్ పిల్లలకన్నా మనకే ఎక్కువ.

ఆ వాదన ఒకటి చెబుతాను. ఒక స్కూలు పాత పేపర్లో ఇలా ఉంది: బయట వాన, బస్సులో ఏసీ, కిటికీ అద్దం మసకబారింది. నీటి చుక్కలు అద్దానికి ఏ వైపున ఉన్నాయి, ఎందుకు? మా అమ్మాయి 'బయటి వైపు' అని రాసింది. నేను ఎర్ర పెన్నుతో కొట్టేశాను. కొట్టేసి ఊరుకున్నానా, క్లాసు కూడా పీకాను: 'లోపల ఇంతమంది ఊపిరి వదులుతున్నారు కదా, ఆ తేమంతా ఎక్కడికి పోతుంది?' అని. తెలిసిన అమ్మానాన్నలను అడిగితే ముగ్గురు ఇంజనీర్లు, ఒక డాక్టరు నా పక్షమే.

రెండు రోజుల తర్వాత వానలో బస్సెక్కాం. అద్దం తెల్లగా మసకేసి ఉంది. మా అమ్మాయి వేలితో అద్దం మీద తన పేరు రాయబోయింది. వేలు జారుతోంది కానీ గీత పడటం లేదు. మళ్లీ రాసింది. 'నాన్నా, పడట్లేదు' అంది. ఇంకేమీ అనలేదు, అదే నయం. చుక్కలు అవతలి వైపున ఉన్నాయి. ఏసీకి అద్దం చల్లబడింది. బయటి గాలి వెచ్చగా, తేమగా ఉంది. ఆ గాలిలోని నీటి ఆవిరి చల్లటి అద్దానికి తగిలి, వేడి పోగొట్టుకుని, చుక్కలుగా మారింది. నా బుర్రలో ఉన్నదేమో చలిదేశం చలికాలం. అక్కడ లోపల వెచ్చన, బయట చలి, కాబట్టి మసక లోపలి వైపు పడుతుంది. చిన్నప్పుడెప్పుడో పుస్తకంలో చదివింది తీసుకొచ్చి సింగపూర్ బస్సుకు అంటించాను.

ఈ పేపర్లో తిరకాసు ప్రశ్నలని మనం అనేవాటిలో చాలావరకు ఇలాంటివే అని నాకు అనిపిస్తుంది. ప్రశ్న ఈ బస్సు గురించి అడుగుతుంది, పిల్లలు ఇంకో బస్సు గురించి రాస్తారు. ట్యూషన్‌లో కంఠతా పట్టించిన కీవర్డ్స్ అన్నీ వరసగా ఉంటాయి. ఏది వేడి కోల్పోయింది, ఏ వైపున అన్నది మాత్రం ఉండదు. బుక్‌లెట్ బి లో, అంటే జవాబు సొంతంగా రాయాల్సిన భాగంలో, మార్కు పోయేది అక్కడే.

దీనికి మన తెలుగు కూడా ఒక చెయ్యి వేస్తుంది. ఇక్కడ తెలుగు మదర్ టంగ్ పేపర్‌గా లేదు, మన పిల్లలు హిందీయో తమిళమో రాస్తారు. అయినా లోకం గురించి మొదట విన్నది ఇంట్లో తెలుగులోనే కదా. ఇడ్లీ పాత్ర మూత తీస్తే తెల్లగా పైకి లేస్తుందే, దాన్ని మనం ఆవిరి అంటాం. సైన్సులో ఆవిరి కంటికి కనబడదు. ఆ తెల్లటిది అప్పటికే చల్లబడి చిన్న చిన్న చుక్కలైన నీళ్లు. మనకు రెంటికీ ఒకటే మాట. పిల్లవాడు కెటిల్ బొమ్మలో తెల్లటి పొగను చూపించి నీటి ఆవిరి అని రాస్తే తప్పు వాడొక్కడిదే కాదు.

చలి సంగతీ అంతే. 'తలుపెయ్యి, చలి లోపలికొస్తోంది' అంటాం. 'గ్లాసు చల్లదనం చేతికెక్కింది' అంటాం. మాటగా అందులో తప్పేమీ లేదు, నేనూ మానను. కానీ పేపర్లో చల్లదనం ఎక్కడికీ కదలదు, కదిలేది వేడే. ఐసు ముక్కకు ఉన్ని గుడ్డ చుడితే త్వరగా కరుగుతుందా, మెల్లగానా అంటే, సగం మంది పిల్లలు త్వరగా అంటారు, స్వెటర్ వేడి 'ఇస్తుంది' కనక. మన ఊళ్లలో పెరిగినవాళ్లకు ఈ ప్రశ్న ప్రశ్నే కాదు. ఐసు దిమ్మలను రంపపు పొట్టులో కప్పి, గోనెసంచి చుట్టి తేవడం చూసినవాళ్లం. ఆ గోనె బయటి వేడిని లోపలికి త్వరగా పోనివ్వదు. స్వెటరూ అదే పని చేస్తుంది, మన ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. ఆ గోనెసంచి కథ మీ పిల్లలకు ఒక్కసారి చెప్పండి, అసెస్‌మెంట్ పుస్తకం ఇంకోటి కొనే ముందు.

ప్రయోగాల ప్రశ్నల దగ్గర ఇంకో జబ్బుంది. ఏమడిగినా 'ఫెయిర్ టెస్ట్ కోసం' అని రాసేస్తారు. రెండు కుండీల్లో మొక్కలు, ఒకటి వెలుతురులో, ఒకటి చీకట్లో. నీళ్లు, మట్టి, మొక్క రకం ఒకటే ఎందుకు? అది ఫెయిర్ టెస్ట్. మార్చేది ఒక్కటే ఉంటే కదా తేడా దేనివల్ల వచ్చిందో తెలిసేది. అదే ప్రయోగాన్ని మూడుసార్లు ఎందుకు చేశారంటే అది వేరే సంగతి, ఫలితం మీద నమ్మకం కోసం. ఇంకో ప్రయోగంలో, విత్తనాలున్న సీసా పక్కన విత్తనాల్లేని ఖాళీ సీసా ఒకటి ఎందుకు పెట్టారంటే పోల్చి చూడటానికి. ఇంట్లో దీనికి పేపర్లేమీ అక్కర్లేదు. సాంబారులో ఉప్పూ పులుపూ రెండూ ఒకేసారి పెంచి, రుచి దేనివల్ల మారిందో చెప్పమనండి. మా అమ్మాయికి అలాగే తలకెక్కింది, సాంబారు మాత్రం ఆ రోజు ఎవరూ తినలేదు.

అన్ని ప్రశ్నలనూ వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. కొన్నిటిలో అర పేజీ కథ చదివితే గానీ ప్రశ్న కనబడదు, అక్కడ పరీక్ష సైన్సుకా ఇంగ్లీషుకా అని నాకూ ఒళ్లు మండింది. అలాంటివి వచ్చినప్పుడు మా అమ్మాయి పక్కన కూర్చుని తెలుగులో కథ చెప్పించుకున్నాను: ముందు ఏముంది, ఏం మార్చారు, ఏమైంది. ఆ తర్వాతే ఇంగ్లీషులో రాయడం.

ఐసు సంగతి మరిచిపోయాం. చెక్క మీది ముక్కకు అంచులు ఇంకా అలాగే ఉన్నాయి. పళ్లెంలోది నీళ్లలో తేలే పలక లాగా మిగిలింది. చేయి పెడితే చల్లగా తగిలిందే ముందు కరిగించింది, ఎందుకంటే చేతి నుంచి వేడి లాక్కున్నంత చురుగ్గానే అది ఐసుకు వేడి అందించింది. ఇప్పుడు పళ్లెం నెమ్మదిగా పైకెత్తుతున్నాను, చూడండి. అడుగున తడి ఉంది. పళ్లేనికి చిల్లు లేదు, పైనుంచి ఏమీ కారలేదు. ఈ నీళ్లు ఎక్కడివి? పెద్దవాళ్లు కాసేపు ఆగండి. ఆ వెనక, స్తంభం దగ్గర పచ్చ చొక్కా బాబూ, నువ్వు చెప్పు నాన్నా.