గొడుగు ఒక్కటే చూస్తే చాలదు

అందరికీ నమస్కారం.

వానలు మొదలయ్యాక మన పార్కుల పచ్చికలో తెల్లటి పెద్ద పుట్టగొడుగులు లేస్తాయి. అదే కాలంలో తెలంగాణ పల్లెల్లో, అడవి అంచుల్లో పుట్టకొక్కులు అనే తినే పుట్టగొడుగులు వస్తాయి. పైనుంచి చూసి రెండూ ఒకటే అనుకోవడం చాలా తేలిక. ఈ రోజు నేను మాట్లాడాలనుకున్నది ఆ పొరపాటు గురించే.

పుట్టకొక్కు చెదలు పండించుకునే పంట. పుట్ట లోపల చెదలు ఎండుటాకుల్నీ పుల్లల్నీ నమిలి గూడు కట్టి, దాని మీద ఈ శిలీంధ్రాన్ని పెంచుకుంటాయి. వానకు నేల నానాక అది గొడుగై పైకొస్తుంది. కనిపించగానే పట్టి లాగకండి, చుట్టూ మట్టి తవ్వండి. కాడ సన్నబడుతూ వేరులా చెదల గూటి వైపు దిగుతుంది. అడవిలో ఏరేవాళ్లు గొడుగుతోపాటు అది పుట్టిన చోటునూ ఈ కాడనూ చూస్తారు. తరతరాల ఆ చూపును మనం గౌరవించాలి.

పార్కులో లేచేది చాలాసార్లు క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ అనే విషపు పుట్టగొడుగు. లేతగా ఉన్నప్పుడు గొడుగు కింది రేకులు తెల్లగా ఉంటాయి, ముదిరాక ఆకుపచ్చకు తిరుగుతాయి. తింటే కొన్ని గంటల్లోనే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి.

ఇంట్లో చేయగల పరీక్ష ఒకటుంది. విచ్చుకున్న గొడుగును కాడ నుంచి కోసి, సగం తెలుపు, సగం నలుపు ఉన్న కాగితం మీద రేకులు కిందికి వచ్చేలా పెట్టి, గిన్నె బోర్లించండి. తెల్లారేసరికి సిద్ధబీజాలు, అంటే విత్తనాల్లా పనిచేసే సన్నటి పొడి, రాలి ముద్ర పడుతుంది. క్లోరోఫిల్లమ్‌ది ఆకుపచ్చ. మనం తినే వరిగడ్డి పుట్టగొడుగుది గులాబీ. ప్రాణాలు తీసే అమానిటా అనే పుట్టగొడుగులది తెలుపు. అయితే గులాబీ ముద్ర పడే విషజాతులూ ఉన్నాయి. కాబట్టి ఈ పరీక్ష కొన్నిటిని పక్కన పెట్టడానికే పనికొస్తుంది, తినడానికి అనుమతి ఇవ్వదు.

అమెరికాలో మనవాళ్లు ఎక్కువగా ఉండే కాలిఫోర్నియాలో డెత్ క్యాప్ అనే అమానిటా ఓక్ చెట్ల కింద పెరుగుతుంది. మొగ్గ దశలో అది వరిగడ్డి పుట్టగొడుగులాగే ఉంటుంది, రెండిటికీ కాడ అడుగున సంచి ఉంటుంది. 2016 డిసెంబరులో ఉత్తర కాలిఫోర్నియాలో దాని విషం 14 మందికి ఎక్కింది, వారిలో ముగ్గురికి కాలేయ మార్పిడి చేయాల్సి వచ్చింది. ఉడికించినా, ఎండబెట్టినా ఆ విషం పోదు.

వెండి చెంచా నల్లబడితేనే విషమనీ, పురుగు తిన్నది మనమూ తినొచ్చనీ చెబుతుంటారు. రెండూ అబద్ధాలే. నత్తలు నిశ్చింతగా తినేవాటిలో మనల్ని చంపేవీ ఉన్నాయి. ఇక రోడ్డు పక్కన పెరిగినవి మంచి జాతివైనా వద్దు, పుట్టగొడుగులు సీసం, కాడ్మియం లాంటి లోహాలను ఒంట్లో చేర్చుకుంటాయి.

ఎవరైనా తినేశారని తెలిస్తే లక్షణాల కోసం ఎదురుచూడకండి. అమానిటా తిన్న ఆరు గంటల వరకు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు ఏమీ తెలియదు. తర్వాత వాంతులు వచ్చి తగ్గుతాయి. నయమైందని ఇంటికి తీసుకొచ్చేస్తారు, ఆ సమయంలోనే లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. మిగిలిన ముక్కను, లేకపోతే వండిన కూరనైనా వెంట పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఎన్ని గంటలకు తిన్నారో డాక్టరుకు మొదటే చెప్పండి.