పంపానా, పంపేశానా? ఇంగ్లీషు క్రియలపై ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. మెయిల్ రాసేటప్పుడు, అప్లికేషన్ నింపేటప్పుడు ఒకేలా కనిపించే రెండు ఇంగ్లీషు క్రియల్లో ఏది వాడాలో తేలక ఆగిపోతుంటాం. మీ సందేహాలు తీర్చడానికి ఇంగ్లీషు టీచర్ గారు మనతో ఉన్నారు. మొదటి కాల్ లైన్లోనే ఉంది. హలో, చెప్పండి.

శ్రోత: నమస్తే మేడమ్. నేను ఆఫీసులో రోజూ మెయిల్స్ రాస్తాను. 'ఐ హావ్ సెంట్ ద రిపోర్ట్ యెస్టర్డే' అని రాస్తే మా మేనేజర్ గారు 'హావ్' కొట్టేశారు. సరే అని నేను 'హావ్' పెట్టడమే మానేశాను. మొన్న 'ఐ అటాచ్డ్ ద బిల్, ప్లీజ్ చెక్' అని రాస్తే, ఆయనే మళ్లీ 'హావ్' చేర్చారు. ఇప్పుడు సెండ్ నొక్కాలంటేనే టెన్షన్‌గా ఉంది.

టీచర్: టెన్షన్ పడకండి. రెండుసార్లూ ఆయన దిద్దింది సరైనదే. మొదటి వాక్యంలో చివరి మాట ఏమిటి?

శ్రోత: యెస్టర్డే.

టీచర్: అదే అసలు విషయం. గడిచిపోయిన సమయాన్ని వాక్యంలో చెప్పేశారంటే 'హావ్' రాకూడదు. యెస్టర్డే, లాస్ట్ వీక్, ఇన్ 2019, ఏదైనా సరే. 'ఎప్పుడు పంపారు' అని అడిగేటప్పుడూ అంతే, 'వెన్ డిడ్ యూ సెండ్ ఇట్' అనాలి. 'వెన్ హావ్ యూ సెంట్' అనకూడదు.

శ్రోత: మరి బిల్లు సంగతి?

టీచర్: అక్కడ మీరు ఎప్పుడు జతచేశారన్నది ఎవరికీ అక్కర్లేదు. బిల్లు ఇప్పుడు మెయిల్లో ఉంది, చూసుకోవాలి. పని జరిగిపోయింది, దాని ఫలితం ఇప్పుడు ఎదుట ఉంది. అందుకని 'ఐ హావ్ అటాచ్డ్'. తెలుగులో 'నిన్న పంపాను' అంటాం, 'పంపేశాను, చూసుకోండి' అంటాం. ఆ 'పంపేశాను'లో ఉన్న ధ్వని కొంతవరకు ఈ 'హావ్'కి దగ్గర. పూర్తిగా సరిపోదు, ఎందుకంటే మనం 'నిన్ననే పంపేశాను' అని కూడా అనగలం. కాబట్టి వాక్యంలో సమయం చెప్పే మాట ఉందేమో ముందు చూసుకోండి.

శ్రోత: అమెరికా క్లయింట్లు 'ఐ ఆల్రెడీ సెంట్ ఇట్' అని రాస్తుంటారండీ, 'హావ్' లేకుండా.

టీచర్: అమెరికన్ ఇంగ్లీషులో అది మామూలే. బ్రిటిష్ పద్ధతిలో 'ఐ హావ్ ఆల్రెడీ సెంట్ ఇట్' అంటారు. రెండూ తప్పు కాదు.

యాంకర్: తర్వాతి కాల్ ఒక స్కూల్ విద్యార్థిది. చెప్పు బాబూ.

శ్రోత: టీచర్, నేను 'ఐ డిడ్ నాట్ వెంట్' అని రాస్తే ప్రతిసారీ మార్కులు పోతున్నాయి. నిన్నటి సంగతే కదా, 'వెంట్' ఎందుకు తప్పు?

టీచర్: నువ్వు బడికి వెళ్లావనుకో, 'వెళ్లాను' అంటావు. వెళ్లకపోతే?

శ్రోత: వెళ్లలేదు.

టీచర్: 'వెళ్లాను లేదు' అనవు కదా నాన్నా! 'లేదు' రాగానే 'వెళ్లాను' కాస్తా 'వెళ్ల' అయిపోయింది. జరిగిపోయిన కాలాన్ని 'లేదు' చెప్పేస్తోంది. ఇంగ్లీషులో ఆ పని 'డిడ్' చేస్తుంది. 'డిడ్' వచ్చాక 'వెంట్' అక్కర్లేదు, 'గో' చాలు. ఈ సంగతి నీకు మాటలు వచ్చినప్పటి నుంచీ తెలుసు, తెలుగులో.

యాంకర్: మెసేజ్‌లో ఒకరు అడుగుతున్నారు: 'లెర్న్డ్' సరైనదా, చివర 'టీ' వచ్చే 'లెర్న్ట్' సరైనదా?

టీచర్: రెండూ సరైనవే. అమెరికన్లు 'ఈడీ'తోనే రాస్తారు, బ్రిటిష్ రాతలో రెండూ కనిపిస్తాయి. ఒక ఉత్తరంలో మొదట ఏది రాస్తే చివరిదాకా అదే రాయండి.

యాంకర్: ఇంకో మెసేజ్: 'ప్రైసెస్ హావ్ రెయిజ్డ్' అనాలా, 'రిజన్' అనాలా?

టీచర్: 'ధరలు పెంచాయి' అని మనం ఎప్పుడైనా అంటామా? ధరలు పెరుగుతాయి, వాటిని ఎవరో పెంచుతారు. వాటంతట అవి పెరిగితే రైజ్, రోజ్, రిజన్. ఎవరో పెంచితే రెయిజ్, రెయిజ్డ్. అంచేత 'ప్రైసెస్ హావ్ రిజన్', 'దే హావ్ రెయిజ్డ్ ప్రైసెస్'. ఇలాంటి చోట తెలుగులో ఒకసారి అనుకుని చూస్తే చాలు.

యాంకర్: చివరి కాల్. చెప్పండమ్మా.

శ్రోత: కొత్త ఉద్యోగానికి అప్లై చేస్తున్నానండీ. 'ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ 2023' అని రాశాను. 2023 నుంచి చేస్తున్నాను, ఇప్పుడూ చేస్తున్నాను కదా.

టీచర్: ఇక్కడ మాత్రం తెలుగును నమ్ముకుంటే దెబ్బతింటాం. మన 'చేస్తున్నాను' ఎప్పటి నుంచో సాగుతున్న పనికీ, ఈ క్షణం చేస్తున్న పనికీ ఒకటే. ఇంగ్లీషులో 'సిన్స్' వస్తే 'ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ సిన్స్ 2023' అవ్వాలి. అంతకుముందు ఎక్కడైనా చేశారా?

శ్రోత: వేరే ఆఫీసులో మూడేళ్లు చేశాను. అక్కడ 'ఐ హావ్ వర్క్డ్ దేర్ ఫర్ త్రీ ఇయర్స్' అని పెట్టాను.

టీచర్: దిద్దాల్సింది అదేనమ్మా. అలా రాస్తే మీరు ఇంకా అక్కడే ఉన్నారనుకుంటారు, ఒకేసారి రెండు చోట్ల ఎలా చేస్తున్నారని అనుమానం వస్తుంది. మానేసిన ఉద్యోగానికి 'హావ్' తీసేయండి.

శ్రోత: రాసుకుంటున్నానండీ... 'ఐ వర్క్డ్ దేర్ ఫర్ త్రీ ఇయర్స్. ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ సిన్స్ 2023.' సరిపోయిందా?

టీచర్: సరిగ్గా ఉంది. పంపించేయండమ్మా.