గుర్రం అలగదండి

(భీమవరం దగ్గర ఒక కొబ్బరితోటలో గుర్రాల యజమానులు కలుసుకున్నప్పుడు ఒక పశువైద్యుడు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారమండి.

ముందే చెప్పేస్తున్నాను, మిమ్మల్ని వెక్కిరించడానికి రాలేదు. మీ గుర్రాన్ని బుజ్జీ అనండి, బంగారం అనండి, చిన్నోడా అనండి, నాకేమీ అభ్యంతరం లేదు. గేదెకి లక్ష్మి అని పేరు పెట్టుకుని, కనుమ నాడు కొమ్ములకి రంగేసి దిష్టి తీసేవాళ్ళమే మనమంతా. పందెం కోడికి బాదంపప్పు నానబెట్టి పెట్టి, ఒళ్ళు పట్టి, ఇంట్లో పిల్లలకి కూడా చేయనంత సేవ చేసే ఊళ్ళు ఇవి. ఆ కోడి కాలికి పండగ రోజున ఏం కడతారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ముద్దు చేయడం వేరు, మేలు చేయడం వేరు అనడానికి ఇంతకంటే దగ్గర్లో సాక్ష్యం నాకు దొరకదు.

నా గొడవ వేరే ఉంది. మన వైపు పెళ్ళి ఊరేగింపులకి తిప్పే గుర్రాలు ఎప్పటినుంచో ఉన్నాయి. ఇప్పుడు సరదాకి పెంచేవాళ్ళూ వచ్చారు. చేపల చెరువు గట్ల మీద, కొబ్బరితోటల్లో మార్వాడీ, కాఠియావాడీ జాతి గుర్రాలు కనిపిస్తున్నాయి. ప్రేమగానే చూసుకుంటున్నారు, కాదనను. కాకపోతే గుర్రానికి చేయాల్సిన ప్రతి పనికీ మనుషుల పేరొకటి తగిలిస్తున్నారు. గిట్టలు చెక్కిస్తే పెడిక్యూర్ అట. ఒళ్ళు రుద్ది కడిగితే స్పా. ఈగలు వాలకుండా ముఖానికి కట్టే వలగుడ్డ కూలింగ్ గ్లాసులు. ఇది మనవాళ్ళు కనిపెట్టింది కాదులెండి. అమెరికాలో, ఇంగ్లండులో గుర్రాలవాళ్ళు రాత్రి కప్పే దుప్పటిని జామీస్ అంటారు, చేతిలో పెట్టి తినిపించే దాణా బిళ్ళల్ని కుకీస్ అంటారు. అక్కడ మంచు పడుతుంది కాబట్టి ఆ దుప్పటికి ఒక అర్థం ఉంది. సంక్రాంతి చలికి మన గుర్రానికి స్వెట్టర్ కుట్టించినవాళ్ళని కూడా చూశాను. ఆ చలి గుర్రానికి చలే కాదు.

గుర్రాన్ని ముద్దుపేరుతో పిలిస్తే గుర్రానికి పోయేదేమీ లేదు. దానికి వచ్చిన జబ్బుని ముద్దు చేస్తేనే ప్రాణం మీదికి వస్తుంది. ఈ రోజు నేను చెప్పబోయేదంతా దీని గురించే.

నాకు తరచుగా వచ్చే ఫోను ఒకటి చెబుతాను. "డాక్టర్ గారూ, మావాడు అలిగాడండి. నిన్నటినుంచి ఉలవలు ముట్టట్లేదు. మొన్న నేను ఊరెళ్ళాను కదా, అందుకు కోపం." సరే, ఇంకేమైనా ఉందా అని అడుగుతాను. "ఏం లేదండి, మూడ్ బాలేదంతే. బెల్లం పెట్టి బతిమాలాం. పోయినవారం కూడా ఇలాగే చేసి, తనంతట తనే సర్దుకున్నాడు."

అదే రోజు గేదెలు మేపే రైతు ఫోను చేస్తాడు. "పొద్దున్న పాలు చేపలేదండి. నెమరు వేయట్లేదు. మూతి ఆరిపోయింది. రాత్రినుంచి పేడ గట్టిగా వేస్తోంది." ఆయనకి నేనంటూ అడగాల్సిన ప్రశ్న మిగలదు. ఆ నాలుగు ముక్కల్లో సగం రోగం తెలిసిపోతుంది, బండెక్కే లోపు ఏ మందు తీసుకెళ్ళాలో తేలిపోతుంది. ఆ రైతుకి గేదె మీద ప్రేమ తక్కువా? దాని పాల మీదే ఆయన పిల్లల ఫీజులు కట్టేది. కానీ ఆయన గేదె మనసులోకి దూరడు, గేదె ఒంటిని చూస్తాడు.

అలిగిన గుర్రం దగ్గరికి వెళ్ళి థర్మామీటరు పెడితే చాలాసార్లు 103, 104 కనిపిస్తుంది. మన ప్రాంతంలో వానలు పడ్డాక ఈ మాట వినగానే నాకు ముందు తట్టేది సర్రా. జోరీగలు కుట్టి అంటించే రోగం ఇది. రక్తంలో ఈదులాడే ఒక సూక్ష్మజీవి దీనికి కారణం. 1880లో గ్రిఫిత్ ఎవాన్స్ అనే బ్రిటిష్ సైనిక పశువైద్యుడు ఇప్పటి పాకిస్తాన్‌లో ఉన్న డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గుర్రాల, ఒంటెల రక్తంలో దాన్ని కనిపెట్టాడు. అందుకే ఆ జీవికి ఇప్పటికీ ఆయన పేరే ఉంది. గేదెల్లో, ఆవుల్లో ఇది చాలామటుకు పైకి కనిపించకుండా ఉండిపోతుంది. గుర్రానికి వస్తే మాత్రం, మందు పడకపోతే, ప్రాణం తీస్తుంది. చుట్టూ గేదెలు, మధ్యలో జోరీగలు, వాటి పక్కన మీ గుర్రం. మన లంకల్లో ఇంతకంటే వేరే ఏముంటుంది చెప్పండి?

ఇందులో మోసం ఎక్కడుందో చూడండి. సర్రా జ్వరం తెరలు తెరలుగా వస్తుంది. రెండు మూడు రోజులు కాస్తుంది, తగ్గిపోతుంది, మళ్ళీ వస్తుంది. జ్వరం కాసినప్పుడు గుర్రం తల వేలాడేసి మూలన నిలబడుతుంది. తగ్గగానే దాణా తింటుంది. సరిగ్గా ఆ సమయానికి మీరు బెల్లం ముక్క పెడతారు. ఇంకేముంది, అలక తీరిందని సంబరం! మళ్ళీ వారానికి మళ్ళీ అలక. ఇలా నెలరోజులు గడిచేసరికి డొక్కలు లోపలికి పోతాయి, కాళ్ళు వాస్తాయి, పొట్ట కింద నీరు దిగుతుంది, కళ్ళ లోపలి రంగు పాలిపోతుంది. అప్పుడు నన్ను పిలుస్తారు. మొదటి అలక రోజునే ఒక చుక్క రక్తం పరీక్షకి పంపి ఉంటే సరిపోయేది.

నేను ఇన్నేళ్ళలో తిండి మీద అలిగిన గుర్రాన్ని చూడలేదండి. ఆయ్, నిజం. గుర్రానికి బెంగ ఉంటుంది, బెదురు ఉంటుంది, తోటి గుర్రం కనబడకపోతే గోల చేస్తుంది. కానీ రెండు పూటలు దాణా వదిలేసిందంటే దాని ఒంట్లోనో, నోట్లోనో ఏదో ఉంది.

ఇక కడుపునొప్పి. "బుజ్జికి టమ్మీ బాలేదండి, వాము నీళ్ళు పట్టాం, సోడా పట్టాం." ఈ మాట వింటే నాకు నిజంగా టెన్షన్ వస్తుంది. పిల్లాడికి కడుపునొప్పి వస్తే ఒక వాంతితో పోవచ్చు. గుర్రం వాంతి చేసుకోలేదు. ఆహారనాళం జీర్ణాశయంలో కలిసే చోట కండరం అంత గట్టిగా బిగుసుకుని ఉంటుంది, లోపలికి వెళ్ళింది వెనక్కి రాదు. అంత పెద్ద జంతువుకి జీర్ణాశయం చూస్తే పది, పదిహేను లీటర్లకి మించదు. అసలు పనంతా వెనకున్న పెద్దపేగుల్లో జరుగుతుంది. అక్కడ గ్యాస్ పట్టినా, మేత గడ్డకట్టినా, పేగు మెలి తిరిగినా మీకు బయటికి కనిపించేది ఒకటే. గుర్రం ముందుకాలితో నేల గీరుతుంది, మాటిమాటికీ డొక్క వైపు తిరిగి చూసుకుంటుంది, పైపెదవి ఎత్తుతుంది, పడుకుంటుంది, లేస్తుంది, దొర్లుతుంది. గ్యాస్ అయితే గంటలో సర్దుకోవచ్చు. మెలి పడితే గంటల్లో చచ్చిపోవచ్చు. చూపులతో ఆ రెండింటికీ తేడా మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. గుండె వేగం చూడాలి, పేగుల చప్పుడు వినాలి, ముక్కులోంచి జీర్ణాశయానికి గొట్టం వేయాలి.

అలాంటప్పుడు మీరు చేయాల్సింది తక్కువే. మేత తీసేయండి. ఫోను చేయండి. ఆఖరిసారి లద్దె ఎప్పుడు వేసిందో, ఎలా ఉందో చెప్పండి. మరీ దొర్లిపోతుంటే మెల్లగా నడిపించండి. సీసాతో నోట్లో ఏదీ పోయొద్దు. నొప్పితో తల విదిలించే గుర్రానికి మీరు పోసిన వాము నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి వెళ్తే కడుపునొప్పి తగ్గినా న్యుమోనియా మిగులుతుంది. ఇంట్లో ఉన్న నొప్పి బిళ్ళలు వేయకండి. నొప్పి తెలియకుండా పోతుంది కానీ పేగు మెలి అలాగే ఉంటుంది, నేను వచ్చేసరికి చూడటానికి లక్షణాలు మిగలవు.

"జలుబు చేసింది, విక్స్ రాశాం" అన్నవారున్నారు. ముక్కు కారడం చాలాసార్లు మామూలు విషయమే. కానీ చిక్కటి చీము కారుతూ, ముక్కు లోపల పుండ్లు, చర్మం మీద గడ్డలు కనిపిస్తే అది గ్లాండర్స్ అనే అంటురోగం కావచ్చు. అది మనిషికి కూడా అంటుతుంది. 2009లో వచ్చిన జంతువుల అంటువ్యాధుల చట్టం ప్రకారం దాన్ని ప్రభుత్వ పశువైద్యుడికి తెలియజేయాలి. పరీక్షలో ఖాయమైతే ఆ గుర్రాన్ని బతకనివ్వరు. వినడానికి కష్టంగానే ఉంటుంది. హిసార్‌లో గుర్రజాతి జంతువుల కోసం జాతీయ పరిశోధన కేంద్రం ఉంది, దీనికి రక్తపరీక్షలు అక్కడ చేస్తారు. గుర్రాన్ని కొనేముందు ఆ పరీక్ష కాగితం అడగండి. అమ్మేవాడు "మా పిల్లకి అలాంటివేమీ లేవండి" అంటే అక్కడినుంచి వచ్చేయండి.

పెడిక్యూర్ దగ్గరికి వద్దాం. మన దగ్గర గుర్రపు డెక్క అంటే ముందు గుర్తొచ్చేది పంటకాలువలో పూడుకుపోయిన ఆ ఊదారంగు పూల కలుపే. అసలు డెక్కని ఎత్తి చూసేవాళ్ళు తక్కువ. గిట్ట నెలకి ఆరు నుంచి పది మిల్లీమీటర్లు పెరుగుతుంది. రాజస్థాన్‌లో ఎండు నేల మీద తిరిగే గుర్రానికి అది కొంత దానంతటదే అరిగిపోతుంది. మనది వేరే నేల. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ డెల్టా అంతా మాగాణి అయింది. మనకి అన్నం పెట్టిన ఆ తడే గుర్రం గిట్టకి శత్రువు. మన సెంటర్లలో కాటన్ దొర కూర్చున్న గుర్రానికి కింద సిమెంటు దిమ్మె ఉంది కాబట్టి దానికి ఏ ఇబ్బందీ లేదు. మీ గుర్రం తడి మట్టిలో, లద్దెలో రాత్రంతా నిలబడుతుంది. గిట్ట అడుగున మధ్యలో త్రికోణంలా మెత్తగా ఉండే భాగం ఒకటుంది. దాని పక్క గాడుల్లో బురద పట్టి ఉండిపోతే కుళ్ళు మొదలవుతుంది.

ఈ రోజు ఇంటికెళ్ళాక ఒక పని చేయండి. కాలెత్తి, గిట్ట గీరే కొక్కెంతో ఆ గాడిలో బురద తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. మట్టివాసన వస్తే మంచిదే. కుళ్ళు కంపు కొట్టి, నల్లటి జిగురు అంటితే ఆలస్యమైనట్టే. ఊరేగింపుకని పైన నల్లరంగు పూసి మెరిపించిన గిట్టల కింద ఈ కంపు నేను చాలాచోట్ల చూశాను. పెడిక్యూర్ అన్నారనుకోండి, అది తీరిక దొరికినప్పుడు చేయించుకునే సోకు అయిపోతుంది. "పెళ్ళిళ్ళు అయ్యాక చూద్దాంలెండి" అంటారు. గిట్ట మాత్రం మూఢం చూసి పెరగడం ఆపదు కదా! ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చెక్కించాల్సిందే. ఇక్కడ ఇంకో చిక్కుంది. ఎడ్లకి నాడాలు కొట్టేవాళ్ళు మన ఊళ్ళలో ఇంకా ఉన్నారు. వాళ్ళు పనిమంతులే, కానీ ఎద్దుది చీలిన గిట్ట, గుర్రానిది ఒకటే గిట్ట. ఆ చేయి దీనికి పనికిరాదు. నలుగురు యజమానులు కలిసి గుర్రాల పని తెలిసిన మనిషిని రెండు నెలలకోసారి రప్పించుకోండి, ఖర్చు పంచుకోండి.

పళ్ళ సంగతి చెబితే నవ్వుతారు. పనీపాటా లేనివాణ్ణి "గుడ్డి గుర్రాలకి పళ్ళు తోముతున్నావా" అని అడుగుతాం. నేను అదే పని చేసి బతుకుతున్నాను. గుర్రానికి పైదవడ కిందిదవడ కంటే వెడల్పు. పళ్ళు ఏడాదికి రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున బయటికి వస్తూనే ఉంటాయి. నమిలేటప్పుడు అంచులు సమానంగా అరగవు, కత్తుల్లా మొన తేలి బుగ్గల్నీ నాలుకనీ కోస్తాయి. నమిలిన గడ్డిని ముద్దగా కిందికి వదిలేస్తుంటే, కళ్ళెం వేయగానే తల విదిలిస్తుంటే నోరు తెరిపించి చూడాలి. ఏడాదికోసారి ఆకురాయితో ఆ మొనలు అరగదీయాలి. "మావాడికి తిండి దగ్గర మొహమాటం" అన్న ఒక గుర్రం బుగ్గ లోపల నా వేలు పట్టేంత పుండు ఉంది.

పుట్టినరోజుకి తవుడూ బెల్లమూ కలిపి కేక్ చేయడం మానండి. తవుడులో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం తక్కువ. రోజూ తవుడే ప్రధానమైతే ఒంట్లో కాల్షియం ఎముకల్లోంచి తోడుకుంటుంది, ముఖం ఎముక వాస్తుంది. ఇక బెల్లం, బియ్యం, గింజలు ఒక్కసారిగా ఎక్కువ పడితే గిట్ట లోపలి పొరలు వాచిపోయి గుర్రం అడుగు తీసి అడుగు వేయలేదు. పుట్టినరోజు సరదా మీది, నొప్పి దానిది.

మగగుర్రాల మర్మాంగం మీదుండే తోలు తొడుగు శుభ్రం చేయడం గురించి ఎవరూ అడగరు, సిగ్గు. ఇంగ్లీషు వాళ్ళు కూడా ఆ పనికి నవ్వులాటగా పేర్లు పెట్టుకున్నారు. అక్కడ మురికి గట్టిపడి గింజలా తయారైతే మూత్రానికి ఇబ్బంది పడుతుంది. విడిగా వచ్చి అడగండి, చెబుతాను.

ఎండాకాలం గురించి ఒక్క మాట. గుర్రం మనలాగే చెమటతో చల్లబడుతుంది. సముద్రం దగ్గర గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఆ చెమట ఆరదు. రోహిణి కార్తెలో మధ్యాహ్నం ఊరేగింపు ఒప్పుకోకండి. ఒప్పుకుంటే నీళ్ళ డ్రమ్ము వెంట ఉండాలి, ఒళ్ళంతా పోస్తూనే ఉండాలి.

సాల గోడ మీద బొగ్గుతోనైనా సరే ఇవి రాసి పెట్టుకోండి. ఒంటి వేడి 99.5 నుంచి 101.5 ఫారెన్‌హీట్. కదలకుండా నిలబడి ఉన్నప్పుడు గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు, శ్వాస 8 నుంచి 16. గుండె 60 దాటితే నాకు అర్ధరాత్రైనా ఫోను చేయవచ్చు. మీ గుర్రం బాగున్నప్పుడే ఈ లెక్కలు తీసి పెట్టుకుంటే, బాగోలేనప్పుడు తేడా మీకే తెలుస్తుంది.

టీ తాగాక అందరూ ఆ పాక దగ్గరికి రండి, అక్కడ కట్టేసిన ఆడగుర్రం నెమ్మదైనది. దవడ ఎముక కింది అంచు మీద వేళ్ళు పెడితే తాడులా ఒక రక్తనాళం తగులుతుంది, అక్కడ నాడి ఎలా పట్టాలో ఒక్కొక్కరి చేత చేయిస్తాను. గడియారమో ఫోనో తెచ్చుకోండి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించాలి. దాని ఎడమ భుజం వైపు నుంచి, మాట్లాడుకుంటూ రండి. బంగారం అని పిలుస్తూ వచ్చినా పరవాలేదు, వెనకనుంచి మాత్రం రాకండి.