కడుపు నిండిన పిల్లి కూడా ఎందుకు వేటాడుతుంది?

హాయ్ అండీ, అందరికీ నమస్కారం. పిల్లిని పెంచేవాళ్ళందరికీ ఉండే డౌట్ ఇది. పొద్దున్నే గిన్నె నిండా పెట్టాం, శుభ్రంగా తినేసి మూతి నాక్కుంది, అరగంట కాకముందే ఏ తొండనో పిచ్చుకనో నోట కరుచుకొచ్చి గుమ్మంలో పడేసింది, పోనీ తింటుందా అంటే అదీ లేదు. మరెందుకు చంపినట్టు?

అసలు విషయం ఏంటంటే పిల్లి బుర్రలో ఆకలి వేరు, వేట వేరు. 1976లో వచ్చిన ఒక ఎక్స్‌పరిమెంట్‌లో పిల్లులకి బాగా ఇష్టమైన ఫుడ్ పెట్టి, అవి తింటుండగా దగ్గర్లో ఎలుకని వదిలారు. పిల్లులు తిండి మధ్యలో ఆపేసి, వెళ్ళి ఎలుకని చంపి, మళ్ళీ గిన్నెలోని ఫుడ్ దగ్గరికే వచ్చాయి!

దీనికి కారణం లెక్కల్లో ఉంది. ఒక చిట్టెలుకలో ఉండేది సుమారు 30 క్యాలరీలు, మామూలు పిల్లికి రోజుకి 200 పైనే కావాలి, అంటే రోజూ ఏడెనిమిది ఎలుకలు పడాలి, పైగా దూకిన ప్రతిసారీ దొరకదు కదా, చాలాసార్లు తప్పించుకుంటాయి. ఆకలేశాక చూద్దాంలే అని పడుకున్న పిల్లికి పస్తే. అందుకే కదిలేది ఏది కనపడినా ముందు పట్టెయ్, తినడం సంగతి తర్వాత.

ఇప్పుడు ఈ స్లో మోషన్ క్లిప్ చూడండి, నాకు భలే ఇష్టం ఇది. ముందు పని చెవులది, ఒక్కో చెవి విడివిడిగా తిరుగుతుంది, మనకి అస్సలు వినపడని ఎలుకల సన్నటి కీచు కూడా దానికి వినిపిస్తుంది. తర్వాత నేలకి కరుచుకుపోయి పాకుతూ వెళ్తుంది, ఆగుతుంది, వెనక భాగం అటూ ఇటూ ఊపుతుంది, దూకుతుంది. ఇక్కడే అసలు తమాషా, మూతికి మరీ దగ్గరున్న వస్తువు పిల్లికి సరిగ్గా కనపడదు, మసక! అందుకే ఆఖరి క్షణంలో మీసాలు ముందుకొచ్చి ఎలుకని బుట్టలా చుట్టేస్తాయి, అది ఎటు కదులుతోందో మీసాలే చెప్తాయి, ఆ అంచనాతోనే కోరపళ్ళు మెడ వెనక వెన్నుపూసల మధ్య దిగుతాయి.

మరి పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం అంటాం కదా, ఆ ఆట ఏంటి? ఆటలో సగం భయమేనండీ. ఎలుక కూడా కరుస్తుంది, అందుకే దాన్ని కొట్టి, వదిలి, మళ్ళీ కొట్టి అలిసిపోయేలా చేసి అప్పుడు మెడ పడుతుంది. ఎర పెద్దదైతే ఆట ఎక్కువ, బాగా ఆకలిగా ఉంటే ఆటలేం లేవు, టక్కున చంపేస్తుంది.

పెద్ద ఎలుకలంటే పిల్లికి ఎంత జంకో చెప్పాలంటే న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌కి వెళ్ళాలి. అక్కడ ఒక చెత్త రీసైక్లింగ్ సెంటర్‌లో 79 రోజులు కెమెరాలు పెట్టి చూస్తే పిల్లులు చంపింది రెండంటే రెండు ఎలుకల్ని. కాబట్టి పందికొక్కుల కోసం పిల్లిని తెచ్చుకునేవాళ్ళు పెద్దగా ఆశలు పెట్టుకోకండి.

పక్షులకి మాత్రం పిల్లి నిజంగానే యముడు. 2013లో వచ్చిన అంచనా ప్రకారం ఒక్క అమెరికాలోనే ఏడాదికి 130 నుంచి 400 కోట్ల పక్షులు పిల్లులకి బలవుతున్నాయి, వాటిలో ఎక్కువ చంపేవి ఓనర్ లేని పిల్లులే. మా పిల్లి అలాంటిది కాదండీ అంటారా, అక్కడే జార్జియా రాష్ట్రంలో పెంపుడు పిల్లుల మెడకి చిన్న కెమెరాలు కట్టి చూశారు, వేటాడిన పిల్లులు పట్టినవాటిలో ఇంటికి తెచ్చినవి నాలుగో వంతు కూడా లేవు. మనకి గుమ్మంలో కనపడేది కొంచెమే.

తగ్గించొచ్చా అంటే, కొంతవరకు. 2021లో ఇంగ్లాండ్‌లో ఎక్సెటర్ యూనివర్సిటీ వాళ్ళు చూస్తే మాంసం ఎక్కువున్న ఫుడ్ పెట్టిన పిల్లులు ఇంటికి తెచ్చే వేట 36 శాతం తగ్గింది, రోజూ 5 నుంచి 10 నిమిషాలు ఆడిస్తే 25 శాతం. మనం పాలన్నం, పెరుగన్నం పెట్టేసి పిల్లి వేటకెళ్తోందని తిడతాం, అది పక్కా మాంసాహారి, టారిన్ అనే పోషకం దానికి మాంసం నుంచే రావాలి, పెరుగన్నంలో ఎక్కడ దొరుకుతుంది చెప్పండి? ఇంకోటి, పిల్లి మెడలో గంట ఎవరు కడతారని ఎలుకలు తెగ చర్చించుకున్నాయి గానీ ఆ స్టడీలో గంట కట్టినా తేడా ఏం కనపడలేదు. కొట్టొచ్చినట్టు కనపడే రంగుల గుడ్డ కాలర్ వేస్తే మాత్రం ఇంటికి తెచ్చే పక్షులు తగ్గాయి, ఎలుకల మీద అది పనిచెయ్యలేదు. ఆడించేటప్పుడు లేజర్ లైట్ కంటే తాడుకి కట్టిన ఈక బెటర్, ఎందుకంటే చివర్లో పంజాకి ఏదో ఒకటి దొరకాలి, ఆ వెంటనే గిన్నెలో నాలుగు ముక్కలు వెయ్యండి.