సీసా, ఫారం, ఆ తర్వాతే మైక్రోస్కోపు

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, కొత్తగా చేరిన పీజీలకు నమస్కారం. నా డిగ్రీల జాబితా చదవడానికే బోలెడు సమయం పట్టింది కాబట్టి మర్యాదలు ఇంతటితో ఆపేస్తాను.

ఆసుపత్రిలో, బోధనలో పాథాలజిస్టు వృత్తి గురించి మాట్లాడమన్నారు. ఒంట్లోంచి తీసిన ముక్కను పరీక్షించి జబ్బేదో తేల్చే డాక్టరన్నమాట. రిపోర్టింగు, బోధన, పరిశోధన అని మూడు భాగాలు చేసుకుని వచ్చాను. మొదటి భాగంలోనే ఇరుక్కుపోతానేమోనని అనుమానం, ఎందుకంటే ముందు వరసలో సర్జన్లు కూర్చున్నారు. వాళ్లు దొరికినప్పుడు చెప్పాల్సిన మాట ఒకటుంది.

పాథాలజిస్టు అనగానే మైక్రోస్కోపు ముందు వంగి కూర్చున్న మనిషే అందరికీ గుర్తొస్తాడు. అది పనిలో చివరి అంకం. రోగి ఒంట్లో రక్తనాళం కట్టేసిన క్షణం నుంచే కణజాలం పాడవడం మొదలవుతుంది. కణాల్లోని ఎంజైములు ఆ కణాలనే కరిగించేస్తాయి. దీన్ని ఆపేది ఫిక్సేషన్, అంటే కణజాలాన్ని రసాయనంలో వేసి ఉన్నదున్నట్టు నిలపడం. ఫార్మాల్డిహైడ్ కణజాలాన్ని గట్టిపరుస్తుందని ఫెర్డినాండ్ బ్లుమ్ 1893లో రాశాడు. ఇన్నేళ్లయినా రోజువారీ పనిలో దాని స్థానం దానిదే. దాన్ని నీళ్లలో కరిగిస్తే అదే ఫార్మలిన్.

ముక్కలు వేసే ద్రావణం కొలతలివి, పీజీలు రాసుకోండి. గాఢ ఫార్మలిన్ 100 మి.లీ., డిస్టిల్డ్ వాటర్ 900 మి.లీ., సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 4 గ్రాములు, అన్‌హైడ్రస్ డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. పది శాతం ఫార్మలిన్ అని పిలుస్తున్నా అందులో ఉండే ఫార్మాల్డిహైడ్ దాదాపు 4 శాతమే. ఆమ్లం పెరగకుండా చూసే బఫరు ఆ రెండు లవణాలే, అవి దండగని కొందరు మానేస్తారు. బఫరు లేని ఫార్మలిన్ నిల్వ ఉన్నకొద్దీ అందులో ఫార్మిక్ ఆమ్లం తయారవుతుంది. రక్తం ఎక్కువున్న ముక్కలో, అంటే ప్లీహం లాంటి దాంట్లో, ఆ ఆమ్లం వల్ల ముదురు గోధుమరంగు రేణువులు పడతాయి. కొత్తవాళ్లు వాటిని చూసి మలేరియా పిగ్మెంటు, అంటే మలేరియా వల్ల పడే రంగు రేణువులు, అనుకుంటారు. రెండూ పోలరైజ్డ్ కాంతిలో మెరుస్తాయి కూడాను.

ఇక సీసా. ముక్క పరిమాణానికి పది నుంచి ఇరవై రెట్లు ఫార్మలిన్ ఉండాలి. మనకు వచ్చేది ఎలా ఉంటుంది? మూతి ఇరుకు సీసాలో గర్భాశయాన్ని కుక్కి, మిగిలిన సందులో రెండు చెంచాల ఫార్మలిన్ పోసి పంపుతారు. మెత్తగా ఉన్నప్పుడు లోపలికి దూరిన అవయవం గట్టిపడ్డాక బయటికి రాదు, సీసా పగలగొట్టాల్సిందే. ఫార్మలిన్ మొదట్లో గంటకు ఒక మిల్లీమీటరు చొప్పున లోపలికి దిగుతుంది, లోతుకు పోయేకొద్దీ ఇంకా నెమ్మదిస్తుంది. కోయకుండా వదిలేసిన పెద్ద అవయవం మర్నాడు పైన పటారం, లోన లొటారం. గర్భాశయం లోపలి పొర, ఎండోమెట్రియం, కరిగి జారిపోయి ఉంటుంది. మరి ఆ కేసులో ఆపరేషన్ చేసిందే ఎండోమెట్రియం కోసం.

అలాగని సర్జన్లే థియేటర్లో కోసి పంపమని నేననడం లేదు, దయచేసి ఆ పని చేయకండి! క్యాన్సర్ అంచు ఎక్కడుందో తెలియాలంటే ముందు బయటి ఉపరితలానికి ఇంకు పూయాలి, అది ఆరాలి, ఆ తర్వాతే కత్తి పెట్టాలి. ఇంకు పూయకముందే కోస్తే ఏది అసలు మార్జిన్, ఏది మీ కోత అన్నది ఎవరూ తేల్చలేరు. మీరు చేయాల్సింది కుట్టు గుర్తులు పెట్టడం. పైవైపు పొట్టి దారం, పక్కవైపు పొడుగు దారం అనుకుంటే అదే ఫారంలో రాయండి. గుర్తు పెట్టాక వెంటనే ల్యాబుకు పంపండి, కోసే పని మాది.

రొమ్ము క్యాన్సర్‌లో ఇది మరీ ముఖ్యం. ముక్క శరీరం నుంచి బయటికి వచ్చిన గంటలోపు ఫార్మలిన్‌లో పడాలి. 6 గంటలకు తక్కువ కాకుండా, 72 గంటలకు మించకుండా అందులో ఉండాలి. తీసిన టైమూ, ఫార్మలిన్‌లో వేసిన టైమూ రెండూ ఫారం మీద ఉండాలి. చిన్న బయాప్సీకి ఆరు గంటలెందుకని అడుగుతారు. ద్రవం లోపలికి దిగడం వేరు, ప్రోటీన్ల మధ్య బంధాలు ఏర్పడటం వేరు. మొదటిది త్వరగా అయిపోతుంది, రెండోదానికి టైము కావాలి. అది పూర్తికాకముందే నీళ్లు తీసి మైనం ఎక్కించే ప్రాసెసర్‌లో పెడితే మిగతా పని అందులోని ఆల్కహాల్ చేస్తుంది, ఫలానా ప్రోటీన్ ఉందో లేదో రంగుతో చూపే ఇమ్యునో స్టెయిన్ తేడాగా వస్తుంది. కణితిలో ఈస్ట్రోజన్ రిసెప్టర్, అంటే ఆ హార్మోన్‌ను పట్టుకునే ప్రోటీన్, ఉండి కూడా లేదని రిపోర్టు వెళితే, ఆమెకు అందాల్సిన హార్మోన్ మందు అందదు. ఈ తప్పు ఏ మైక్రోస్కోపులోనూ కనపడదు.

లేబుల్ సీసా ఒంటికి అంటించండి, మూతకు కాదు. మూతలు మారిపోతాయి. సెలైన్‌లో వేస్తే నిల్వ ఉంటుందనే నమ్మకం ఒకటుంది, ఉండదు. లింఫోమా (లింఫ్ కణాల క్యాన్సర్) అనుమానంతో తీసిన గ్రంథికి తాజా కణాలను ఒక్కొక్కటిగా చూసే ఫ్లో సైటోమెట్రీ కావాలన్నా, కిడ్నీ బయాప్సీకి మెరిసే రంగులతో చూసే ఇమ్యునోఫ్లోరెసెన్స్ కావాలన్నా మొత్తం ఫార్మలిన్‌లో ముంచకండి. ముందు ఒక ఫోన్ చేయండి.

ఫారం సంగతికొద్దాం. వయసు ఉండదు, చోటు ఉండదు, ప్రశ్నార్థకం పెట్టి 'సీఏ' అని, అంటే క్యాన్సరా అని, రెండక్షరాలుంటాయి. ఎముక ముక్క పంపుతారు, ఎక్స్-రే పంపరు. విరిగి అతుక్కుంటున్న ఎముకలో కొత్త కణాలు వేగంగా పెరుగుతుంటాయి, అక్కడే కొత్త ఎముక అల్లుకుంటూ ఉంటుంది. స్లైడు మీద ఆ ముక్క ఒక్కటే చూస్తే ఆస్టియోసార్కోమా, అంటే ఎముక క్యాన్సర్, అనిపించవచ్చు. ఎక్స్-రే చూడకుండా రిపోర్టు సంతకం చేస్తే, కాలు తీసేసే దాకా పోవచ్చు. ఎండోమెట్రియం పంపితే చివరి నెలసరి తేదీ, వాడుతున్న హార్మోన్లు రాయండి. కీమో, రేడియేషన్ అయ్యాయా రాయండి. పట్టేది రెండు లైన్లే. 'క్లినికల్‌గా సరిచూసుకోండి' అని మేం రాస్తే మీకు చిరాకు, ఆ ముక్క ఎందుకు రాశామో ఇప్పుడైనా అర్థమైందనుకుంటాను.

రక్తం ట్యూబులదీ ఇదే గోల. రక్తం గడ్డకట్టకుండా కాల్షియాన్ని పట్టేసే ఈడీటీఏ పొటాషియం లవణం ఉన్న ట్యూబులోంచి మామూలు ట్యూబులోకి రక్తం ఒంపితే పొటాషియం పెరిగినట్టు, కాల్షియం పడిపోయినట్టు వస్తుంది. దాని గురించి మొదలుపెడితే ఇంకో సభ కావాలి, వదిలేస్తాను.

పీజీలూ, ఇప్పుడు మీ వంతు. స్లైడు చేతికి రాగానే 40 ఆబ్జెక్టివ్, అంటే 40 రెట్లు పెద్దగా చూపే కటకం, తిప్పే అలవాటు మానండి. ముందు స్లైడును వెలుతురుకు పట్టి చూడండి. ఎన్ని ముక్కలున్నాయి, గ్రాస్‌లో, అంటే ముక్కను కంటితో చూసి కోసినప్పుడు, రాసిన సంఖ్యతో సరిపోయిందా, నంబరు మన కేసుదేనా? తర్వాత 4 ఆబ్జెక్టివ్. నిర్మాణం ఎక్కడ చెదిరిందో అక్కడే తెలుస్తుంది. కణాల దగ్గరికి చివర్న వెళ్లండి. బోధించేవాళ్లకు నా ఫిర్యాదేమిటంటే, పది తలల మైక్రోస్కోపు చుట్టూ కూర్చోబెట్టి గంటలు చెబుతాం కానీ గ్రాసింగ్ బల్ల దగ్గర పక్కన నిలబడం. మొదటి ఏడాది పీజీని అక్కడ ఒంటరిగా వదిలేస్తాం. పెద్దపేగు క్యాన్సర్‌లో కనీసం 12 లింఫ్ గ్రంథులు వెతకాలి. దొరకలేదంటే మళ్లీ ఆ కొవ్వంతా వేళ్లతో నలుపుతూ తడమాలి. చిన్న గ్రంథులు కంటికంటే వేలికే ముందు దొరుకుతాయి. క్యాసెట్లో (ప్రాసెసర్‌కు పంపే చిన్న పెట్టెలో) పెట్టే ముక్క మందం మూడు, నాలుగు మిల్లీమీటర్లు దాటకూడదు. మూత ఒత్తి మూస్తున్నారంటే ఆ ముక్కలోకి పారఫిన్ మైనం సరిగా దిగదు, పలచటి పొరలుగా కోసే మైక్రోటోమ్ మీద చీలిపోతుంది. కేసుకూ కేసుకూ మధ్య బ్లేడు, ఫోర్సెప్స్ తుడవండి. లేకపోతే ఒకరి కణితి రేణువు ఇంకొకరి స్లైడులో తేలుతుంది. కొన్నాళ్లు టెక్నీషియన్ పక్కన కూర్చుని సెక్షన్లు మీరే కోయండి. మడత ఎందుకు పడుతుందో, గీత ఎందుకు వస్తుందో పుస్తకంలో చదివితే తలకెక్కదు.

అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. పరిశోధన భాగం పోయినట్టే. దాన్లోంచి ఒక్క సంగతి చెప్పి దిగుతాను. ఎముకలోకి పాకిన క్యాన్సర్ ముక్కను కోయడానికి వీలుగా బలమైన ఆమ్లంలో మెత్తబరిస్తే అందులోని డీఎన్‌ఏ దెబ్బతింటుంది, తర్వాత ఏ జన్యు పరీక్షకూ ఆ బ్లాకు (మైనంలో పొదిగిన ముక్క) పనికిరాదు. ఈడీటీఏలో పెడితే చాలా వరకు దక్కుతుంది గానీ ఎక్కువ రోజులు పడుతుంది. కాబట్టి సర్జన్ మిత్రులారా, జన్యు పరీక్ష అవసరం పడవచ్చని మీకు అనిపిస్తే ఆ మాట ఫారం మీద ముందే రాయండి. మెత్తని భాగమేదైనా ఉంటే ఆమ్లం తగలకుండా పక్కకు తీసి వేరే బ్లాకు చేస్తాం, ఎముక ముక్కను ఈడీటీఏలో వేస్తాం. అడగాల్సినవి ఉంటే అడగండి, సెలవు.