కొబ్బరి చెట్టు ఎక్కడం ఆరు రోజుల్లో వచ్చేస్తుంది, మరి పైకెళ్లాక?

అందరికీ నమస్తే అండీ. కోనసీమలో ఏ రైతుని కదిపినా ఒకటే మాట, దింపు తీసేవాళ్లు, అంటే చెట్టెక్కి కాయలు కోసేవాళ్లు, దొరకట్లేదండీ అని. పాతవాళ్లకి వయసైపోయింది, పిల్లలేమో ఈ పనికి రారు, పైనుంచి పడితే నడుం పోద్దని తెలుసు కదా, నన్నడిగితే వాళ్లని అనడానికేం లేదు.

ఇదే ఇబ్బంది కేరళలో ముందే వచ్చింది. అందుకే కొబ్బరి అభివృద్ధి బోర్డు వాళ్లు 2011లో ఫ్రెండ్స్ ఆఫ్ కోకోనట్ ట్రీ అని, మెషిన్‌తో చెట్టెక్కడం నేర్పే ఆరు రోజుల ట్రైనింగ్ మొదలెట్టారు, తర్వాత వేరే రాష్ట్రాలకీ తెచ్చారు. అక్కడ ఆడవాళ్లు కూడా బాగానే నేర్చుకున్నారు.

(స్క్రీన్ మీద: చెట్టెక్కే మెషిన్, దగ్గరగా)

మెషిన్ అన్నాను కదా అని మోటారు ఉంటుందనుకునేరు, ఏం ఉండదు. రెండు ఇనప ఫ్రేములు, ఒక్కోదానికి మాను చుట్టూ వేసే వైరు రోపు. ఒక కాలి మీద బరువేస్తే ఆ రోపు మానుని పట్టేస్తుంది, రెండోది వదులవుద్ది, దాన్ని పైకి జరుపుకోవడమే. నడుముకి సేఫ్టీ బెల్టు మాత్రం ఉండాల్సిందే. తెలంగాణలో గీత కార్మికులకి 2024లో కాటమయ్య రక్షణ కవచం కిట్లు ఇచ్చింది కూడా ఈ పడిపోయే భయానికే.

సరే ఎక్కేశారు, అసలు పని ఇప్పుడుంది. కొబ్బరికి మొవ్వు, అంటే తలలో కొత్త ఆకులొచ్చే మొగ్గ, ఒక్కటే, అది పోతే చెట్టు పోయినట్టే, దాని దగ్గరదాకా వెళ్లి చూసేది మీరొక్కరే, రైతుకి కిందనుంచి ఏం కనపడదు. కొత్త ఆకు విచ్చుకున్నాక కత్తెరతో కోసినట్టు ఉందా? అది కొమ్ము పురుగు పని. కొక్కెం ఉన్న ఇనప ఊచతో పురుగుని లాగేసి, మొవ్వు దగ్గరి మట్టల మొదళ్లలో వేపపిండి ఇసక కలిపి వెయ్యాలి. ఎందుకంటే ఆ గాయం వాసనకే ఎర్రముక్కు పురుగు వస్తుంది, అది ఇంకా డేంజర్, లోపలే తినేస్తా ఉంటుంది, పైకి బాగానే కనిపిస్తుంది. మాను మీద చిల్లు, దాంట్లోంచి గోధుమరంగు జిగురు, నమిలేసిన పీచు, ఇవి చూస్తే వెంటనే రైతుకి చెప్పండి.

ఇంకోటి, మట్టలు. ఎండినవి తీసెయ్యండి, పచ్చి మట్ట జోలికి పోవద్దు, గెలకి తిండి పెట్టేదీ బరువు మోసేదీ అదే. తప్పక కొయ్యాల్సొస్తే మానుకి 120 సెంటీమీటర్లు వదిలి కొయ్యాలి, లేకపోతే ఆ కోతలోంచే ఎర్రముక్కు దూరుతుంది.

(స్క్రీన్ మీద: మెట్లు నరికిన మాను)

ఇది చూడండి, కాలు పెట్టడానికి మాను మీద గాట్లు పెట్టేశారు. వేపకో మామిడికో దెబ్బ తగిలితే కొత్త బెరడు పెరిగి మూసేస్తుంది, కొబ్బరికి ఆ బెరడు పెంచే పొరే లేదు, గాటు పెడితే చెట్టు ఉన్నన్నాళ్లూ అలాగే ఉంటుంది. అందుకే మెషిన్ మనిషికే కాదు చెట్టుకీ మేలు.

చివరగా కరెంటు తీగలు. మట్టలు తీగకి తగులుతున్న చెట్టుంటే ఎంత కూలి ఇస్తామన్నా ఎక్కకండి, ముందు లైన్‌మ్యాన్‌కి ఫోన్ చేసి సప్లై ఆపించమనండి, ఆపాకే రోపు బిగించండి.