ఇంటర్వ్యూ గదిలో ఇరకాటం ప్రశ్నలు

శ్రోతలకు నమస్కారం.

"టెక్నికల్ రౌండ్ బాగానే చేశానండీ, హెచ్‌ఆర్ రౌండ్‌లోనే పోయింది." శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్‌లోనో, ఆమదాలవలస స్టేషన్‌లోనో బ్యాగు పక్కన పెట్టుకుని కూర్చున్న కుర్రాళ్ల మధ్య ఈ మాట తరచూ వినబడుతుంది. సబ్జెక్టు ప్రశ్నకు జవాబు రాకపోతే పుస్తకం తిరగేసి తెలుసుకోవచ్చు. "నీ బలహీనత ఏమిటి? ఈ రెండేళ్లూ ఏం చేశావు? జీతం ఎంత కావాలి?" అని అడిగితే ఏ పుస్తకం తిరగేయాలి? నేను పైడిభీమవరం వైపు ఒక మందుల కంపెనీలో చాలాకాలం నియామకాలు చూశాను. బల్లకు అవతలివైపు కూర్చున్నవాళ్ల మనసులో ఏముంటుందో ఆ అనుభవంతో చెబుతాను.

ముందుగా ఒక సంగతి. ఇంటర్వ్యూ అన్ని ఉద్యోగాలకూ ఉండదు. కేంద్ర ప్రభుత్వంలో గ్రూప్ సి ఉద్యోగాలకు, గ్రూప్ బిలో నాన్ గెజిటెడ్ ఉద్యోగాలకు 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూలు తీసేశారు. బ్యాంకు క్లర్కు ఉద్యోగానికి కూడా లేదు. బ్యాంకు పీఓకి, అంటే ప్రొబేషనరీ ఆఫీసర్‌కి మాత్రం ఉంది. బ్యాంకుల నియామక పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ ద్వారా అయితే ఇంటర్వ్యూకి 100 మార్కులు. చివరి లెక్కలో మెయిన్స్‌కి 80, ఇంటర్వ్యూకి 20 చొప్పున వెయిటేజీ కడతారు. సివిల్స్‌లో మొత్తం 2025 మార్కులకు 275 ఇంటర్వ్యూవే. ఇక ప్రైవేటు కంపెనీల్లో, చిన్నదైనా పెద్దదైనా, ఎవరో ఒకరి ఎదురుగా కూర్చోక తప్పదు.

ఇరకాటం ప్రశ్న వెనకాల ఎప్పుడూ ఒక భయం ఉంటుంది. మీ భయం సంగతి కాదు నేను చెప్పేది, అడిగేవాళ్ల భయం. ఈ అబ్బాయి నాలుగు నెలలకే మానేస్తాడేమో, ఏదో దాస్తున్నాడేమో, రేపు తప్పు చేసి మా మెడకు చుడతాడేమో. ఆ భయం ఏదో పసిగడితే జవాబు దానంతట అదే దొరుకుతుంది. పసిగట్టకుండా కోచింగ్ సెంటర్ ఇచ్చిన జిరాక్సు కాయితం అప్పచెబితే ఆ భయం రెట్టింపవుతుంది.

ఆ కాయితాల్లో ఉండే జవాబులు మాకు కంఠతా వచ్చు. బలహీనత అడగ్గానే "నేను పర్ఫెక్షనిస్టుని సార్" అంటారు. "ఎక్కువ పని చేసేస్తుంటాను, అదే నా వీక్‌నెస్" అంటారు. ఒకేరోజు పదిమంది వరసగా ఇదే చెబుతుంటే టీ తాగుతున్న మేనేజరు కప్పు దించకుండానే నవ్వేవాడు. అడిగినవాళ్లకు తెలుసుకోవాల్సింది ఒక్కటే: ఈ మనిషి తన గురించి ఒక చిన్న నిజం చెప్పగలడా? ఒకమ్మాయి ఇలా చెప్పింది. "ఇంగ్లీషులో మాట్లాడాలంటే తడబడతాను సార్. రాయడం బాగానే వచ్చు. అందుకని చెప్పాల్సింది ముందు కాయితం మీద రాసుకుని, తర్వాత మాట్లాడుతున్నాను. కాలేజీలో సెమినార్ కూడా అలాగే ఇచ్చాను." లోపం ఉంది, దానికి తను చేసుకుంటున్న ఏర్పాటూ ఉంది. ఇంకేం కావాలి? అలాగని నిజాయితీ పేరుతో ఆ ఉద్యోగానికే ఎసరు పెట్టుకోకండి. ల్యాబ్ ఉద్యోగానికి వచ్చి "నాకు మతిమరుపు ఎక్కువండీ" అంటే మేం మాత్రం ఏం చేస్తాం!

యాస గురించి కూడా ఇక్కడే ఒక మాట. మన పిల్లలు చాలామంది "ఏమిటి"కి బదులు "ఏటి" అనే మాట నోటి నుంచి జారిపోతుందేమోనని సగం ప్రాణం అక్కడే పెట్టుకుని కూర్చుంటారు. జారితే జారనివ్వండి. జవాబులో పస ఉంటే యాస ఎవరికీ అడ్డం రాదు.

అన్నిటికన్నా ఎక్కువమంది తడబడేది ఖాళీ సంవత్సరాల దగ్గర. ఉద్దానం నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. బీఎస్సీ కెమిస్ట్రీ, మార్కులు బాగున్నాయి. డిగ్రీ అయ్యాక రెండేళ్లు ఖాళీ.

"ఈ రెండేళ్లూ ఏం చేశావు బాబూ?"

"సివిల్స్‌కి ప్రిపేరయ్యాను సార్."

"అలాగా, ఆప్షనల్ ఏం తీసుకున్నావు?"

మాట లేదు. ఒళ్లో ఉన్న ఫైలు అటూ ఇటూ తిప్పాడు. కాసేపటికి, "లేదు సార్, తిత్లీలో మా తోట పడిపోయింది. నాన్నతో ఉండిపోయాను" అన్నాడు.

తిత్లీ తుఫాను 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు ఎలా పడిపోయాయో ఈ జిల్లావాళ్లకు నేను చెప్పక్కర్లేదు. "అయితే ఆ రెండేళ్లూ ఇంట్లో ఏం చేశావో చెప్పు" అన్నాను. అప్పుడు మొదలుపెట్టాడు. పడిన చెట్లు లెక్క పెట్టించడం, నష్టపరిహారం జాబితాలో పేరు తప్పుపడితే ఆఫీసు చుట్టూ తిరిగి సరిచేయించడం, మిషను రంపం అద్దెకు తెచ్చి మొదళ్లు కోయించడం, ఏరోజు ఎంతమంది కూలీలు వచ్చారో, ఎవరికి ఎంత ఇచ్చారో నోటుబుక్కులో రాయడం. తేదీలతో సహా చెప్పాడు. ఇతనికి రికార్డు రాయడం వచ్చా అని వేరే పరీక్ష పెట్టాల్సిన పని లేకపోయింది. మరి సివిల్స్ అని ఎందుకు చెప్పావంటే, "గ్యాప్ కనబడకూడదని సీనియర్లు చెప్పారు సార్" అన్నాడు. తీసుకున్నాం.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు పడిన అమ్మనో నాన్ననో డయాలసిస్‌కి తిప్పుతూ చదువుకు, ఉద్యోగానికి దూరమైన పిల్లలు ఉన్నారు. ఆ సంగతి చెప్పడానికి సిగ్గుపడక్కర్లేదు. రెండు వాక్యాల్లో చెప్పండి చాలు. జాలి కోసం సాగదీయొద్దు. ఆ వెంటనే, "ఇప్పుడు ఇంట్లో అక్కావాళ్లు చూసుకుంటున్నారు, నేను డ్యూటీకి రాగలను" అనే మాట మరిచిపోవద్దు. ఎదుటివాళ్ల భయం అదే కదా, నెలలో సగం రోజులు సెలవు పెడతాడేమోనని.

ఇంకో ప్రశ్న ఉంది. నాకు బాగా ఇష్టమైనది, నేను చాలామందిని అడిగినది. "మీ సూపర్‌వైజర్ వచ్చి, ఆ రీడింగ్ కొంచెం మార్చి రాసెయ్ అన్నాడు. ఏం చేస్తావు?" మందుల కంపెనీలో ఒకసారి రాసిన అంకె మీద దిద్దకూడదు, వైట్‌నర్ పూయకూడదు. తప్పు పడితే పాత అంకె కనబడేలా ఒక్క గీత గీసి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ వేసి, ఎందుకు మార్చామో రాయాలి. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు ముందు చూసేవాటిలో ఇదొకటి. ఈ ప్రశ్నకు కొందరు ఛాతీ విరుచుకుని "రిజైన్ చేసేస్తాను సార్" అంటారు. రేపు చిన్న మాటకే అలిగి వెళ్లిపోతాడేమో అనిపిస్తుంది. ఇంకొందరు "పెద్దవాళ్లు చెప్పారు కాబట్టి రాస్తాను" అంటారు. వినయం మంచిదే కానీ ఆ వినయం కంపెనీని ముంచుతుంది. ఒకబ్బాయి మాత్రం కాస్త ఆగి, "మొదటిసారి తీసిన రీడింగే తప్పని ఆయన అనుకుంటున్నారేమో అడుగుతాను సార్. నిజంగా అనుమానం ఉంటే మళ్లీ టెస్ట్ చేయడానికి పద్ధతి ఉంటుంది కదా, ఆ పద్ధతిలో చేద్దామంటాను. ఊరికే మార్చమంటే నా సంతకంతో మార్చను, క్వాలిటీవాళ్లకు చెబుతాను" అన్నాడు. ముందు అడిగి తెలుసుకోవడం, తర్వాత పద్ధతి ప్రకారం వెళ్లడం, ఆ తర్వాతే కాదనడం. వరస చూశారా? ఆ సంస్థ మందులది కాకుండా చిట్‌ఫండ్‌దో, సూపర్ మార్కెట్‌దో అయినా ఇదే ప్రశ్న వేరే వేషంలో వస్తుంది.

బ్యాంకు ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లను "మీది ఏ జిల్లా? దాని ప్రత్యేకత ఏమిటి?" అని అడుగుతారు. సులువైన ప్రశ్నే కదా అని "అరసవల్లి సూర్యదేవాలయం సార్" అని ఊరుకుంటారు మనవాళ్లు. అది చెప్పాల్సిందే, కానీ బ్యాంకువాళ్లకు కావాల్సింది ఇంకోటి. ఈ ఊరివాళ్లు ఏం చేసి బతుకుతారో నీకు తెలుసా అన్నది. పలాసలో జీడి పరిశ్రమ ఉంది. వేసవిలో పిక్కలు దిగే కాలంలోనే ముడి సరుకు ఎక్కువగా కొని నిల్వ పెట్టుకోవాలి, అప్పుడే డబ్బు కావాలి, పప్పు అమ్ముడయ్యాక గానీ తిరిగి రాదు. ఇంత చెబితే లోను ఎప్పుడు ఇవ్వాలో, ఎప్పుడు వసూలు చేసుకోవాలో ఈ పిల్లకు తెలుసునని వాళ్లకు అర్థమవుతుంది. పొందూరు ఖద్దరు అంటే గాంధీగారి పేరు చెప్పి ఆపేయకండి, వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి శుభ్రం చేస్తారన్నది చెప్పండి. బుడితి కంచు, ఇత్తడి సామాన్లు. విజయనగరం వైపు వాళ్లకయితే బొబ్బిలి వీణ. మీ ఇంటి పక్కన జరిగే పనే చెప్పండి. గూగుల్‌లో చూసుకుని చెప్పినదానికీ, కళ్లతో చూసి చెప్పినదానికీ తేడా రెండో ప్రశ్నకే బయటపడుతుంది.

జీతం దగ్గర మన పిల్లలు మొహమాటపడతారు. "మీ ఇష్టం సార్, ఎంతిచ్చినా పర్లేదు" అంటారు. అలా అన్నవాడు వెయ్యి రూపాయలు ఎక్కువ వస్తే వెళ్లిపోతాడని మాకు తెలుసు. అలాంటి ఉద్యోగానికి ఆ చుట్టుపక్కల ఎంత ఇస్తున్నారో ముందే కనుక్కుని, ఇంత నుంచి ఇంత వరకు అనుకుంటున్నాను అని చెప్పండి. సీటీసీ, అంటే కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు, ఆ లెక్క కూడా తెలిసి ఉండాలి. ఏడాదికి 3,60,000 అనగానే నెలకు 30,000 అని ఇంటికి ఫోన్ చేసేస్తారు. బేసిక్ 15,000 అనుకోండి. పీఎఫ్‌కి 12 శాతం లెక్కన మీ వాటా 1,800, కంపెనీ వాటా మరో 1,800. చాలా కంపెనీలు కంపెనీ వాటాను కూడా సీటీసీలోనే చూపిస్తాయి. గ్రాట్యుటీ కింద ఏడు వందల పైచిలుకు. ఇన్సూరెన్సు, ఏడాది చివర ఇచ్చే బోనసు కూడా అందులోనే కలిపితే చేతికొచ్చేది ఇంకా తగ్గుతుంది. "చేతికి ఎంత వస్తుందండీ?" అని అడగడం తప్పు కాదు. అడిగిన పిల్లల్ని చూసి నేనెప్పుడూ చిన్నచూపు చూడలేదు, లెక్క తెలిసినవాడే అనుకున్నాను.

ఆడపిల్లలను అడిగే ప్రశ్న ఒకటుంది. "పెళ్లెప్పుడు? పెళ్లయ్యాక చేస్తావా?" అడగకూడని ప్రశ్నే. నియామకాల్లో ఆడా మగా తేడా చూపకూడదని 1976 నాటి సమాన వేతన చట్టంలోనే చెప్పారు. అయినా అడుగుతారు, ఇప్పటికీ అడుగుతున్నారు. అడిగేవాళ్ల భయం మానేస్తుందేమోనని, ప్రసూతి సెలవు ఇవ్వాల్సొస్తుందేమోనని. 2017లో ఆ సెలవు 26 వారాలకు పెంచాక కొందరి భయం ఇంకా పెరిగింది. ఇందులో తప్పు అడిగేవాళ్లది, జవాబు భారం మాత్రం అమ్మాయి మీద. "నేను ఉద్యోగం కొనసాగించాలనే వచ్చాను సార్. షిఫ్టుల గురించి, ట్రాన్స్‌పోర్టు గురించి అడగండి, చెబుతాను" అని మాట పని వైపు మళ్లించవచ్చు. పదేపదే అదే అడుగుతుంటే, ఆ ఆఫీసులో రేపు ఎలా ఉండబోతుందో అక్కడే తెలిసిపోయినట్టు.

"ముందు కంపెనీ ఎందుకు మానేశావు" అంటే పాత బాసును తిట్టకండి, అంతే. "అయిదేళ్ల తర్వాత ఎక్కడుంటావు" అన్న ప్రశ్న మీద నాకు పెద్ద గౌరవం లేదు. అడిగేవాళ్లకే తెలియదు తాము ఎక్కడుంటామో. ఏ పని నేర్చుకోవాలనుకుంటున్నారో చెప్పి బయటపడండి. స్థానిక కంపెనీ అయితే మాత్రం దాని వెనకాల అసలు ప్రశ్న "హైదరాబాద్ పోతావా?" అని. హైదరాబాద్ కంపెనీ అయితే "సంక్రాంతికి ఊరెళ్లి తిరిగొస్తావా?" అని. రెండిటికీ మీ దగ్గర నిజమైన జవాబు ఉండాలి, ఇంట్లోవాళ్లతో ముందే మాట్లాడుకుని ఉండాలి.

చివర్లో "మమ్మల్ని ఏమైనా అడగాలా?" అంటారు. "నథింగ్ సార్" అని లేచిపోతారు మనవాళ్లు. కూర్చోండి. మొదటి మూడు నెలలు ట్రైనింగ్ ఎవరిస్తారు, రాత్రి షిఫ్టు వారానికా నెలకా, కంపెనీ బస్సు శ్రీకాకుళం నుంచి ఉందా, ఎక్కడ ఎక్కాలి అని అడగండి. బాండ్, అంటే ఇన్నాళ్లు మానకూడదన్న ఒప్పందం ఉందా, ఉంటే ఎన్నాళ్లకు, ఒరిజినల్ సర్టిఫికెట్లు కంపెనీ దగ్గరే ఉంచుకుంటారా అన్నది ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టాక కాదు, ఆ కుర్చీలో ఉండగానే అడగాలి. నమస్కారం.